ఎడమ చెయ్యి లేని హార్మోనిస్టు

హార్మోనియం వాయించేవాడికి ఎడమ చెయ్యి ఉండదురా. నవ్వకండి. కుడి చెయ్యి మెట్ల మీద పరుగులు పెడుతుంటే, ఎడమ చెయ్యి పెట్టె వెనకాల గాలి కొడుతూ కూచుంటుంది. పెద్ద సమాజాల వాళ్ళకి కాళ్ళతో తొక్కే లెగ్ హార్మోనియం ఉండేది కాబట్టి వాళ్ళకి రెండు చేతులూ ఖాళీయే. మా నాన్నది చేతి పెట్టె. తెనాలి చుట్టుపక్కల ఊళ్ళల్లో తెల్లవార్లూ ఆడే పౌరాణిక నాటకాలకి ఆ పెట్టె మీదే శ్రుతి ఇచ్చేవాడు, పద్యం అందుకునేవాడు. నటుడు రాగం తీసి ఎటు తిరిగితే అటు వెంటపడి పోవడమే హార్మోనిస్టు పని. ఎటు తిరుగుతాడో ఒక్కోసారి ఆ నటుడికే తెలీదు. ఆయన పక్కన కూచుని నేనూ చెయ్యి తిప్పడం నేర్చాను. అదంతా కుడిచేతి చదువు. ఈ ఎడమ చేతికి అక్షరాభ్యాసం జరిగింది మాత్రం డెట్రాయిట్‌లో. ఆ ముచ్చట చెబుతాను గానీ, ముందు ఆ కట్టె కాస్త ఎగదొయ్యి, పొగ వస్తోంది.

నేను వచ్చింది 1971లో. కార్ల కంపెనీలో డ్రాయింగ్ బోర్డు ముందు ఉద్యోగం. ఊరికి పడమటి వైపు రెండు వాటాల ఇల్లు దొరికింది. పైవాటా నాది. కింది వాటాలో నల్లజాతి పెద్దాయన ఒకరు ఒంటరిగా ఉండేవారు. ఫౌండ్రీలో పనిచేసి రిటైరయ్యారు. వయసులో ఉన్నప్పుడు పగలు ఫౌండ్రీ, రాత్రి హేస్టింగ్స్ వీధి క్లబ్బుల్లో పియానో. మనం డౌన్‌టౌన్‌కి వెళ్ళేటప్పుడు ఎక్కే క్రైస్లర్ ఫ్రీవే ఉందే, అది ఆ వీధి మీదే వేశారు. నల్లవాళ్ళ దుకాణాలు, హోటళ్ళు, క్లబ్బులు అన్నీ పడగొట్టి రోడ్డు పోశారు. "నేను పియానో ముందు కూచున్న చోట ఇప్పుడు కార్లు పోతున్నాయి" అనేవారు. కోపంగా కాదు, ఇంటి నంబరు చెప్పినట్టు చెప్పేవారు.

ఆ మొదటి చలికాలంలో ఓ రాత్రి అన్నం తింటుంటే నేల కిందనించి పియానో వినబడింది. ఏదో పాట, దిగులుగా మెట్టు మెట్టూ దిగుతోంది. దిగి దిగి ఒకచోట కాకలి నిషాదం తగిలి షడ్జమం మీద వాలింది. నాకు చెవులు నిక్కపొడుచుకున్నాయి. చెయ్యి కడుక్కుని కిందికెళ్ళి తలుపు తట్టి, "మీరు కీరవాణి వాయిస్తున్నారు" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఆటమ్ లీవ్స్ వాయిస్తున్నా. లోపలికొచ్చి తలుపెయ్యి, చలి" అన్నారు.

ఆ పాట పుట్టుక చెప్పాలి మీకు. కట్టినవాడు జోసెఫ్ కోస్మా, బుడాపెస్ట్‌లో పుట్టి పారిస్ చేరినవాడు. 1945లో ఓ నృత్యరూపకానికి కట్టిన వరసకి జాక్ ప్రెవేర్ అనే కవి ఫ్రెంచిలో మాటలు రాశాడు. మరుసటేడు సినిమాలోకి ఎక్కింది. తర్వాత జానీ మెర్సర్ ఇంగ్లీషు మాటలు కూర్చాడు. 1955లో రోజర్ విలియమ్స్ అనే ఆయన పియానో మీద జలజలా రాలుస్తూ వాయిస్తే అమెరికాలో అమ్మకాల్లో మొదటి స్థానానికి పోయింది. ఆ రికార్డు పేరెత్తితే పెద్దాయన నవ్వేవారు. "ఆకులు రాలినట్టే వినబడాలని ఎవరన్నారు?" అని. జాజ్ వాళ్ళకి పాట కథతో పని లేదు. పాట ఒకసారి వాయించేసి, దాని కింద ఉన్న కార్డుల వరసని, అంటే ఒకేసారి పలికే స్వరాల గుంపుల వరసని, అలాగే తిప్పుతూ, పైన ఎవరి పాట వాళ్ళు అప్పటికప్పుడు కట్టుకుంటారు. అదే సోలో. అందరికీ తెలిసిన అలాంటి పాటని స్టాండర్డ్ అంటారు. ఒక చుట్టు తిరిగితే ఒక కోరస్. ఈ పాటకి కోరస్ అంటే 32 బార్లు, బారుకి నాలుగు దెబ్బలు.

అప్పటికప్పుడు కట్టడమంటే మనకేం కొత్త? ఆలాపన లేదా, కల్పనస్వరాలు లేవా? నేనూ అదే అన్నాను. పెద్దాయన నన్ను బల్ల మీద పక్కన కూచోబెట్టి, కింది స్థాయిలో తనొక్క వేలితో పునాది స్వరాలు మాత్రం కొట్టారు. జీ మైనరులో పాట. జీ అంటే మన అయిదో శ్రుతి, దాన్నే షడ్జమం అనుకోండి. మొదటి ఎనిమిది బార్లలో పునాదులు ఇలా వస్తాయి: మ, ని, గ, ద, రి, ప, స. చూశారా, ఏడు స్వరాలూ ఒక్కొక్కటీ ఒక్కోసారి నేల అయిపోయాయి. ప్రతిదీ ముందుదానికి మధ్యమం. ద నించి రి కి వెళ్ళేటప్పుడు మాత్రం ప్రతిమధ్యమం. రాగంలో తంబురా కదలదు, షడ్జమం ఎక్కడికీ పోదు. ఇక్కడ బారుకో నేల. నువ్వు పట్టుకున్న స్వరం అదే అయినా, కింద నేల మారేసరికి దాని అంతస్తు మారిపోతుంది. నాటకాల్లో నటుడి వెంట పరిగెత్తినవాణ్ణి గానీ, నేల వెంట పరిగెత్తడం నాకు తెలీదు.

పాఠం అక్కడ మొదలైంది. జీతం పుచ్చుకోలేదాయన. ఇంటి ముందు మంచు ఎత్తిపొయ్యడం నా వంతు, అంతే. ఆ ఊళ్ళో అది తక్కువ జీతమేం కాదులే.

ఆయన నాకిచ్చిన మొదటి పాఠంలో సోలో లేదు, స్కేలూ లేదు. రెండు దారాలు. ప్రతి కార్డులోనూ పునాది నించి లెక్కేస్తే మూడోది, ఏడోది అని రెండు స్వరాలుంటాయి. కార్డు సంతోషమో దిగులో చెప్పేది మూడోది, ముందుకి నెట్టేది ఏడోది. ఆ రెంటినీ వరసగా పాడించారు. ఒక దారం: ద, ద, ప, ప, మ, మ, గ. ఇంకో దారం: గ, రి, రి, స, స, ని, అదీ కాకలి నిషాదం. పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి నిలబడ్డప్పుడు ఇంకోటి దిగుతుంది, అది నిలబడితే ఇది దిగుతుంది. అసలు పాటలో దీర్ఘంగా ఆగే స్వరాలు కూడా ద, ప, మ, గ లే. అంటే కోస్మా ఆ మొదటి దారం మీదే పాట నేశాడన్నమాట. అది తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు. ఏడో బారుకి ముందు నించున్న ఆ కాకలి నిషాదమే నేను పైవాటాలో విన్న కీరవాణి. అంతకుముందు ఉన్నదంతా నఠభైరవి.

తర్వాతే రికార్డు. సాక్సఫోన్ వాయించే కానన్‌బాల్ ఆడర్లీ పేరు మీద వచ్చిన సమ్‌థిన్ ఎల్స్, 1958 మార్చి 9న రికార్డు చేసింది. ట్రంపెట్ మైల్స్ డేవిస్, బేస్ శామ్ జోన్స్, డ్రమ్స్ ఆర్ట్ బ్లేకీ, పియానో హాంక్ జోన్స్. ఈ హాంక్ జోన్స్ మన పక్కనున్న పాంటియాక్‌లో పెరిగినవాడే. తమ్ముళ్ళు థాడ్ ట్రంపెట్టూ, ఎల్విన్ డ్రమ్సూ. ఒక్క ఇంట్లో ముగ్గురు! 1962లో కెనెడీ పుట్టినరోజుకి మార్లిన్ మన్రో పాడిందే, ఆ పాటకి పియానో ఎవరనుకున్నారు? ఈయనే. 91 ఏళ్ళు బతికి 2010లో పోయాడు. ఆటమ్ లీవ్స్‌లో కానన్‌బాలూ మైల్సూ చెప్పాల్సిందంతా చెప్పేశాక ఈయన వస్తాడు. అంతమంది మాట్లాడాక మూడోవాడు ఏం చెబుతాడు? గొంతు పెంచడు. మెట్టుని నొక్కినట్టే ఉండదు, తాకి వదిలినట్టు ఉంటుంది.

"ఇందులోంచి ఒక్క కోరస్ పాడు. పాడేదాకా పియానో ముట్టుకోకు" అన్నారు పెద్దాయన. కాగితం, పెన్సిలు కూడా వద్దన్నారు. ఇదేదో ఆయన ఛాదస్తం అనుకునేరు. న్యూయార్క్‌లో లెనీ ట్రిస్టానో అనే అంధ పియానిస్టు కూడా శిష్యుల చేత లెస్టర్ యంగ్, చార్లీ పార్కర్ అనే సాక్సఫోన్ వాళ్ళ సోలోలు ముందు నోటితో పాడించేవాడు. ఆ పార్కర్ మాత్రం? కుర్రవాడిగా 1937 వేసవిలో ఓజార్క్ కొండల్లో బ్యాండు పనికి పోతూ లెస్టర్ యంగ్ రికార్డులు వెంట తీసుకెళ్ళి, సోలోలు కంఠతా పట్టి వచ్చాడు. వీళ్ళ గురుకులం రికార్డు ప్లేయరే.

పెద్దాయన ప్లేయరుకి 16, 33, 45, 78 అని నాలుగు స్పీడులుండేవి. 33 మీద తిరగాల్సిన ఎల్పీని 16లో పెడితే సరిగ్గా సగం వేగం. వేగం సగమైతే శ్రుతి సరిగ్గా ఒక స్థాయి దిగుతుంది, కాబట్టి జీ మైనరు జీ మైనరుగానే ఉంటుంది. హాంక్ జోన్స్ చెయ్యి గొంతు బొంగురుపోయిన ముసలాడిలా నడుస్తుంది, బేస్ ఉరుములా ఉంటుంది, కానీ వేగంగా పోయేటప్పుడు చెవికి అందని స్వరాలన్నీ ఒక్కొక్కటీ బయటపడతాయి. సూది పట్టుకుని సరిగ్గా ఆ గాడి మీదే దించడం అదో విద్య. దించీ దించీ ఎల్పీ మీద ఆ కాస్త మేర తెల్లబడిపోయింది. నీ ఫోనులో ఇప్పుడు వేలితో గీస్తే శ్రుతి మారకుండా నిదానమవుతుంది, ఇంకో మీట నొక్కితే నొటేషనే అచ్చయి వస్తుంది. ఆ నొటేషనుతో నాకు పేచీ ఉంది. ఎవరో రాసిపెట్టింది చూసి వాయిస్తే వేళ్ళకి తెలుస్తుంది, చెవికి తెలీదు. పైగా అందులో మౌనాలు ఖాళీల్లా కనబడతాయి. పాడితే తెలుస్తుంది, అవి ఊపిరి తీసుకునే చోట్లని. వాక్యం ఎక్కడ మొదలెట్టాడు, బారు గీతకి ముందా వెనకా, ఎన్ని దెబ్బలు ఊరుకున్నాడు, ఇవన్నీ పాడినవాడికే దొరుకుతాయి.

పాడటం అయ్యాక వాయించనిచ్చారు. వాయించాక విచారణ. మనూళ్ళో కొత్త కుర్రాడు వీధిలో కనబడితే అరుగు మీది పెద్దలు "ఎవరి తాలూకు అబ్బాయ్?" అని ఆపేవారు చూడండి, పెద్దాయన ప్రతి స్వరాన్నీ అలాగే ఆపేవారు. ఇది ఈ కార్డు తాలూకా? వచ్చే కార్డు తాలూకా? దెబ్బ మీద నించుందా, దెబ్బకీ దెబ్బకీ మధ్య నించుందా? ఒకసారి ఓ పోకడ దగ్గర నేనే ఆగిపోయాను. మూడో బారులో దిగాల్సింది ప మీద. దానికి ముందు ద, ఆ వెంటనే ప్రతిమధ్యమం, అప్పుడు ప. నఠభైరవిలో ప్రతిమధ్యమం ఎక్కడిది? కీరవాణిలో మాత్రం ఎక్కడిది? "ఇది అన్యస్వరం, పొరపాటున వేలు పడింది" అన్నాను. పెద్దాయన ఆ రెంటినీ చాలా నిదానంగా వాయించి, ప దగ్గర వేలు ఆపేశారు. పైనించి అర మెట్టు ఒకటి, కిందనించి అర మెట్టు ఒకటి, రెండూ దెబ్బకి ముందే వచ్చి పోయాయి. దెబ్బ మీద నిలబడింది ప ఒక్కటే. "దీన్ని తప్పు అనకు, ఇది గుమ్మం" అన్నారు. అది హాంక్ జోన్స్ ఒక్కడి సొత్తు కాదు, ఆ తరం వాళ్ళందరి చేతుల్లోనూ దొరుకుతుంది. తర్వాత నేను ఎవరి సోలో విన్నా ముందు దిగే చోటు చూసుకుని, వెనక్కి నడుచుకుంటూ వచ్చేవాణ్ణి. చాలా పుస్తకాలు దీన్ని తలకిందులుగా చెబుతాయి: ఈ కార్డుకి ఈ స్కేలు, ఆ కార్డుకి ఆ స్కేలు, ఎక్కి దిగు అని. అలా నేర్చినవాళ్ళు అబద్ధస్వరం పలకరు, నిజమే. ఎక్కడికీ చేరరు కూడా.

ఆరో బారు దగ్గర ఇంకో వింత. అక్కడ నేల ప. ఆ కార్డులో కాకలి నిషాదం ఉంది. ఆ కార్డు మీద ద పలికిస్తే, ప కి ఒక్క అర మెట్టు పైనే కదా, గుండె పట్టేసినట్టు ఉంటుంది. వాళ్ళు దాన్ని ఫ్లాట్ నైన్ అంటారు. మన పద్యాల్లో శోకం దగ్గర నటుడు ఆ ద ని ఊపి వదిలేవాడు. వీళ్ళు ఊపరు. పియానో మెట్టు ఊగదు కదా. దాని బదులు కింద కార్డునే బరువు మోయమంటారు.

ఇక ఎడమ చెయ్యి. దానికి మరో రికార్డు: బిల్ ఇవాన్స్ ట్రయో, పోర్ట్రెయిట్ ఇన్ జాజ్, 1959 డిసెంబర్ 28. బేస్ స్కాట్ లఫారో, డ్రమ్స్ పాల్ మోషన్. అదే పాట, అదే జీ మైనరు, రెండేళ్ళు కూడా తేడా లేదు, కానీ వేరే లోకం. పాట అయ్యాక బేస్ వెనకాల నడవకుండా పియానోతో మాటకి మాట అందుకుంటుంది. కాసేపు ఎవరు ముందో ఎవరు వెనకో తెలీదు. తర్వాత గాని నడక మొదలవదు. లఫారో 1961లో కారు ప్రమాదంలో పోయాడు, పాతికేళ్ళవాడు. పోయే పది పన్నెండు రోజుల ముందే విలేజ్ వాన్‌గార్డ్‌లో ఆ ముగ్గురూ వాయించింది రికార్డయి ఉంది.

"ఇవాన్స్ కుడి చెయ్యి వదిలెయ్యి. ఎడమ చేతిని పట్టుకో" అన్నారు పెద్దాయన. ఆ చెయ్యి పునాది స్వరం ముట్టుకోదు. అది బేస్ వాడి సొమ్ము. మొదటి కార్డుకి ద, స, గ, ప. రెండో కార్డుకి ద, స, రి, ప. మళ్ళీ విను. నాలుగు వేళ్ళలో మూడు అక్కడే ఉన్నాయి, ఒక్క గ మాత్రం అర మెట్టు దిగి రి అయింది. అంతే, నేల మారిపోయింది! కార్డు మారినప్పుడల్లా చెయ్యి ఎత్తి ఎగరెయ్యనక్కర్లేదన్నమాట. గాలి కొట్టడం తప్ప ఎరగని నా ఎడమ చేతికి ఇంతకంటే దయగల పాఠం ఉండదు. ఆయన కింద ఒక్క వేలితో బేస్ నడిపేవారు, నేను మధ్యలో ఈ నాలుగేసి వేళ్ళు పెట్టేవాణ్ణి. మీ నానమ్మ పెళ్ళయి వచ్చిన కొత్తలో, రోజూ అవే ఎనిమిది బార్లు కిందనించి వినపడుతుంటే, మిగతా పాట ఎవరు దాచుకున్నారని అడిగింది.

నాకు బాగా వచ్చిందొకటి ఉంది, అది చెప్పకపోతే తెనాలి పరువు పోతుంది. పన్నెండు శ్రుతుల్లోనూ వాయించమనేవారు పెద్దాయన ప్రతి పోకడనీ. ఇక్కడి విద్యార్థులకి అది చావు. నాటకాల్లో కృష్ణుడిది ఓ శ్రుతి, సత్యభామది ఓ శ్రుతి, తెల్లారేసరికి గొంతు పోయి అర మెట్టు దిగే అర్జునుడొకడు. శ్రుతి మార్చడం హార్మోనిస్టుకి అన్నంలో ఉప్పు కలుపుకున్నంత. ఆయన ఆశ్చర్యపోయారు. తాళం కూడా అంతే. 32 బార్లంటే 128 దెబ్బలు, 16 ఆదితాళ ఆవర్తనాలు. నా ఎడమ చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడల్లా తొడ మీద దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు అని నడిచేది. ఓ రోజు ఆయన కంటపడింది. నేర్పమన్నారు. ఆ తర్వాత లివర్‌నాయ్ రోడ్డులో బేకర్స్ కీబోర్డ్ లౌంజ్ అని, 1934 నించి ఉన్న క్లబ్బు, పియానో మెట్లు రంగులతో వేసిన బారు బల్ల ఉంటుంది, అక్కడికి వినడానికి తీసుకెళ్ళినప్పుడు ఆ మెట్ల బొమ్మల మీదే ఇద్దరం ఆదితాళం వేసుకుంటూ కూచున్నాం. పక్కవాళ్ళు మేమేదో పందెం కాస్తున్నామనుకున్నారు.

విశ్లేషణ అంతా అయ్యాక చేయించిన పని అన్నిటికంటే గట్టిది. హాంక్ జోన్స్ కోరస్‌లో లయ అలాగే ఉంచి, అవే మౌనాలు, అవే పొడుగులు, స్వరాలు మాత్రం నావి వెయ్యమన్నారు. అది కుదిరాక తిరగేశారు. స్వరాలు హాంక్ జోన్స్‌వి, లయ నాది. అప్పుడర్థమైంది, ఆ సోలోలో నాకు నచ్చిందేదో సగానికి పైగా లయలోనే ఉందని. స్వరాలు మార్చినా హాంక్ జోన్స్ పోలిక పోలేదు. లయ మార్చేసరికి ఆయన మాయమైపోయాడు. మూడో కోరస్‌కి రికార్డు తీసి అట్టలో పెట్టేశారు, ఇక నువ్వే అని.

ఆదివారం సాయంత్రాలు ఇంటి దగ్గర్లో ఓ బారులో కుర్రాళ్ళూ పెద్దవాళ్ళూ కలిసి వాయించుకునేవారు. ఓ రోజు కాలేజీ కుర్రాడొకడు వచ్చి ఇవాన్స్ సోలో మక్కికి మక్కి దించేశాడు. ఒక్క స్వరం తప్పలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. కానీ డ్రమ్స్ ముసలాయన మధ్యలో ఓ ప్రశ్నలాంటి దెబ్బ వేశాడు, కుర్రాడు దానికి బదులు చెప్పలేకపోయాడు. చెప్పాలంటే ఇవాన్స్ చెప్పాలి, ఆయన ఆ రాత్రి అక్కడ లేడు. ఆ వెంటనే పెద్దాయన నన్ను తోశారు. వాయించాను. మొదటి కోరస్ మొత్తం దారాల మీదే నడిచాను, దాటలేదు. రెండో కోరస్‌లో కాస్త ధైర్యం వచ్చింది. ఆ డ్రమ్స్ ఆయన అలాంటి దెబ్బే నాకూ వేశాడు, నేను కుడి చెయ్యి ఆపి ఎడమ చేత్తో బదులు చెప్పాను. ఎక్కణ్ణించి వచ్చిందో తెలీదు. ఆయన నవ్వాడు.

ఇంటికొస్తుంటే కారులో పెద్దాయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఇల్లు చేరాక, "రెండో కోరస్ మూడో ఎనిమిది బార్లలో ఒకటి నీదే" అన్నారు. మిగతావి ఎవరివో అడగలేదు నేను. నాకూ తెలుసు, పేరుపేరునా చెప్పగలను. మర్నాడు మంచు ఎత్తుదామని దిగితే పియానో మీద కొత్త కాగితం ఉంది: జెరోమ్ కెర్న్ 1939లో కట్టిన ఆల్ ద థింగ్స్ యూ ఆర్. 32 కాదు, 36 బార్లు. అందులో నేల ఒక్కటే కాదు, షడ్జమం కూడా మారిపోతుంటుంది, నాలుగైదు సార్లు. కార్డులన్నీ చూసి, "ఇందులో దారాలు ఎక్కడ వెతకను?" అంటే, పార చేతికిచ్చి, "ముందు వాకిలి, తర్వాత పాట" అన్నారు.